నాయనమ్మకు వినపడని ‘సాకు’

ఔరాద్ దగ్గరి మా ఊళ్లో కన్నడ బడికి వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో, అన్నం వడ్డిస్తున్న నాయనమ్మతో గొప్పగా ‘సాకు’ అన్నాను. కన్నడంలో చాలు అని అర్థం.

“బడికి పోంగనే సాకులు నేర్సినవారా? తిను బిడ్డా!” అని ఆమె ఇంకో గరిటె వేసింది. నేను ‘సాకు’ అన్నకొద్దీ అన్నం పెరిగింది. చివరికి ఆ కుప్ప వెనక, ఎదురుగా కూర్చున్న తాత కనబడలేదంటే మీరు నమ్మాలి.

రోజూ ఇదే వరస. పాపం, ఆమెకు తెలుగు తప్ప రాదనుకున్నాను. ఒకసారి ఆమె వెంట సంతకు వెళ్తే, మిరపకాయలమ్మే ఆమెతో చక్కని కన్నడంలో బేరమాడి, సంచి నిండగానే “సాకు, సాకు” అంది. నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నన్ను సాకింది ఆ సాకుతోనే.

ఇప్పుడు బీదర్‌లోని చిద్రిలో మా కాపురం. మా ఆవిడ కన్నడ బడిలో చదువుకుంది. ‘సాకు’ అంటే గరిటె అక్కడే ఆగిపోతుంది. మొన్న అలాగే ‘సాకు’ అని, పళ్లెం మాత్రం చాపే ఉంచాను.

“సాకంటిరి గద, ఇంకా పళ్లెం వట్టుకున్నరేంది?” అంది.

ఊరందరికీ కథలు అల్లి చెప్పే నాకు, ఆ పూట ఒక్క సాకూ దొరకలేదు.