నేను కొట్లాడని నాలుగు రోజులు

ఇప్పుడంటే తృప్తిగా బతకడం ఎలాగో ఫోనులో గంటకొకరు చెబుతున్నారు గానీ, నాకు ఇరవై మూడేళ్లున్నప్పుడు ఆ విద్య కోసం పుస్తకం కొనుక్కోవాల్సి వచ్చేది. డిగ్రీ అయిపోయి, కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతున్న రోజులవి. జీవితంలో ఏదో వెలితిగా ఉండేది. (ఏం వెలితి అని ఎవరైనా అడిగితే వాళ్లతో వాదనకు దిగేదాన్ని.) బస్టాండులో కొన్న ఆ పుస్తకం ప్రకారం ఎవరితోనూ వాదించకూడదు, చిన్న సాయానికైనా నోరారా కృతజ్ఞత చెప్పాలి, ఇదంతా చేస్తున్నట్టు ఎవరికీ తెలియనివ్వకూడదు. ఇరవై ఒక్క రోజుల్లో మనసు నిండిపోతుందట. మొదటి సూత్రం దగ్గరే పుస్తకంతో వాదన పెట్టుకున్నాను కానీ, అచ్చులో ఉన్న మనిషి తిరిగి మాట్లాడడు కనుక ఓడిపోయాను.

మరునాడు పొద్దున అమ్మ పళ్లెంలో జొన్నరొట్టె వేయగానే "థాంక్స్ అమ్మా" అన్నాను. మా ఇంట్లో ఆ మాట బయటివాళ్లకు చెప్పేది, అదీ వాళ్లు వెళ్లిపోయేటప్పుడు. అమ్మ చేతిలో పిండిముద్ద అలాగే ఆగిపోయింది. పెనం మీది రొట్టె మాడింది. ఆ మాడినదాన్ని కూడా తిని మళ్లీ అదే మాట చెప్పాను. అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. సాయంత్రం కూరగాయలామె పుచ్చు వంకాయలు వేసినా నేనేమీ అనకపోయేసరికి, ఆమెకే భయమేసి వాటిని తీసేసి మంచివి వేసింది. పైగా అమ్మ కనిపిస్తే నా ఒంట్లో ఎలా ఉందని అడిగిందట. బాపు అయితే నాకు సుతరామూ గిట్టని నాయకుణ్ణి ఎన్నుకుని మరీ పొగిడి (పరీక్షించడానికేనని తర్వాత తెలిసింది), నేను తలూపడం చూసి పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయాడు.

మూడోనాటికి అమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. నేను ఎవరితోనో వెళ్లిపోబోతున్నాను, పోయేముందు ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. "ఎవడే వాడు?" అని అడిగింది. ఎవడూ లేడన్నాను. వాదించకూడదు కదా, ఒక్కసారే అన్నాను. మామూలుగా పదిసార్లు అంటాను కనుక అమ్మకు అనుమానం కాస్తా రూఢి అయింది. ఆ పూట నుంచి అన్నం ముట్టలేదు. మరునాడు ఆదివారం, నన్ను ఎల్లారెడ్డి బస్సెక్కించి అమ్మమ్మ దగ్గరికి బయలుదేరదీసింది. దారిపొడవునా మంచినీళ్లు కూడా తాగకుండా నా చెయ్యి పట్టుకుని కూర్చుంటే, ఉన్న సంగతి చెప్పేద్దామా అనిపించింది. కానీ ఇంకా పదిహేడు రోజులున్నాయి, ఇప్పటిదాకా చేసిందంతా పాడవుతుందని ఊరుకున్నాను. (అప్పట్లో నాకు చదువు ఎక్కువ, తెలివి తక్కువ.)

అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు దగ్గుతూనే అమ్మమ్మకూ థాంక్స్ చెప్పాను.

"అగో, మల్ల అన్నది. గట్టిగనే పట్టింది దీనికి," అంది అమ్మమ్మ.

అందరం అన్నాలకు కూర్చున్నాం. అమ్మ మాత్రం పళ్లెం బోర్లించుకుని ఉంది. ఆమెను ఓదార్చబోయి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, నోరు జారాడు.

"దీనికి అంత ధైర్యం యాడిది అక్కా? చిన్నప్పుడు నిజాంసాగర్ కట్ట మీద గేట్లల్ల నీళ్లు జూసి గుక్కపెట్టి ఏడ్వలేదా?"

నేను ఒక ముద్ద మింగాను. రెండో ముద్ద కూడా మింగాను. మూడోది దిగలేదు.

"ఏడ్సింది నేనా? నా గౌను పట్టుకొని ఇంటికి పోదాం పా అని గుంజింది ఎవలు మామా? నాకప్పుడు ఏడేండ్లు, నీకు ఇరవై."

అమ్మమ్మ కొడుకు పక్షం వహించింది. ఇంకేముంది, నాలుగు రోజులుగా మూసి ఉన్న గేట్లన్నీ ఒక్కసారే లేచాయి. ఆ రోజు ఎవరు ఎవరి వెనక దాక్కున్నారో రుజువులతో సహా చెప్పి, అక్కడినుంచి మామ పెళ్లిచూపుల దాకా వెళ్లాను. వాదించినకొద్దీ ఆకలి పెరిగి, ఎప్పుడూ లేనంత తిన్నాను. మనసు నిండటమంటే ఇదేనేమో అని అనుమానం కూడా వచ్చింది కానీ, మధ్యలో ఆగి ఆలోచించే తీరిక లేకపోయింది.

ఆ గోలలోనే అమ్మ పళ్లెం తిప్పి అమ్మమ్మ ముందుకు జరిపింది.

"అవ్వా, నాకింత అన్నం పెట్టు. దీని పానం మంచిగైంది."

పచ్చిపులుసు పోసుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కడుపునిండా తింది.

ఇప్పుడు నాకు నలభై ఎనిమిది. అమ్మకు వినికిడి తగ్గింది, వాదించాలంటే గొంతు చించుకోవాలి. అయినా మానలేదు. ఆ రోజు నాకోసం ఏడ్చావని నేనంటాను. "నీకోసం ఎవలేడ్సిండ్రే, పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఘాటది," అంటుంది ఆమె. ఉల్లిగడ్డే అయి ఉండొచ్చు. కానీ ఒప్పేసుకుంటే, రేపు పొద్దున మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?