జగన్నాధం షెడ్డులోని కడ్డీ

2025 నవంబరు 14, ఉదయం 11 గంటల 7 నిమిషాలు. గజపతినగరంలోని తన రేకుల షెడ్డులో వెయిట్ లిఫ్టింగ్ శిక్షకుడు జగన్నాధం ఫోనులో పోటీ చూస్తున్నాడు. వేదికపై ఉన్నది లైలా. రెండు లక్షల జనాభా కూడా లేని ఆమె ద్వీపదేశం ఏడు ప్రాంతీయ క్రీడోత్సవాల్లో పాల్గొని ఒక్క పతకమూ గెలవలేదు. ఆ మొదటి పతకం కోసమే ఆమె ఈ షెడ్డులో ఎనిమిది నెలలు సాధన చేసింది. చివరి నెలంతా రోజూ డెబ్బై కిలోలు ఎత్తింది కనుక, పోటీని అక్కడి నుంచే మొదలుపెట్టమని జగన్నాధమే చెప్పాడు. మొదలుపెట్టాక బరువు తగ్గించుకునే వీలు లేదు.

మూడు ప్రయత్నాలూ విఫలమయ్యాయి. దాంతో లైలా పోటీ నుంచి నిష్క్రమించాల్సి వచ్చింది. వచ్చే క్రీడోత్సవాల నాటికి ఆమెకు ముప్పై నాలుగేళ్ళు.

"ఏటయ్యింది మావా?" అని భార్య చిన్నతల్లి అడిగింది.

"ఎత్తలేకపోనాది."

"ఇక్కడ రోజూ ఎత్తీసేది గదా. అక్కడ కేజీ పెద్దదేటి?"

జగన్నాధం లైలా ఎత్తిన కడ్డీ దగ్గరికి వెళ్ళాడు. దానికి రెండువైపులా తగిలించే బిళ్ళలు కొత్తవి, వాటి బరువులో తేడా ఉండదు. కడ్డీ మాత్రం ఇరవై రెండేళ్ళ నాటిది. చేతిపట్టు జారకూడదని ఏటా ఆయుధపూజకు ముందు లేత్ షాపులో దానిపై ఒక పొర చెక్కించి, కొత్తగా గరుకు వేయించేవాడు. కొన్నప్పుడు అది సరిగ్గా పదిహేను కిలోలు. ఆ తర్వాత దాన్ని ఎవరూ తూచలేదు; బిళ్ళల బరువుకు ఆ పదిహేనే కలిపి లెక్కేసేవారు.

కడ్డీని భుజాన వేసుకుని వెళ్ళి, ధాన్యం వ్యాపారి ఎలక్ట్రానిక్ కాటాపై పెట్టాడు.

13.1