సంగవ్వ పుస్తెలతాడు తీసిన పూట

సంగవ్వకు బ్యాటరీ బండి ఎవరూ నేర్పలేదు, ఆమే పట్టుబట్టి నేర్చుకుంది. కర్ఖేలిలో ఒకరి పొలాల్లో కూలికి పోయి పెరిగిన మనిషి. పెళ్లయ్యాక మొగుడు మాణిక్‌తో నాందేడ్ వచ్చి, మా కళ్ల దవాఖానలో ఊడ్చే పనికి కుదిరి, చివరికి స్టీరింగ్ పట్టుకుంది. గేటు నుంచి ఆపరేషన్ వార్డు దాకా పెద్ద చఢావు, అంతా ఎత్తుకెక్కే దారి. కంటికి కట్టుతో ఉన్న ముసలివాళ్లను పైకీ కిందికీ చేర్చేది ఆమే. నేను అక్కడ చీటీలు రాస్తాను. మధ్యాహ్నం ఆమె విరిచిపెట్టే రొట్టెముక్క తినకపోతే నాకు పూట గడవదు.

బండి మాత్రం ఏదో గోల్ఫ్ మైదానంలో పెద్దమనుషుల్ని మోసి మోసి, ముసలిదయ్యాక మాకు వచ్చింది. ఈ ఎండాకాలం దాని బ్యాటరీలు పూర్తిగా చచ్చాయి. ఎంత చార్జింగ్ పెట్టినా సగం చఢావులో మొండికేసేది. మర్నాడు పల్లెల నుంచి ఆపరేషన్లకు జనం వస్తారనగా సూపర్‌వైజర్ విలాస్ వచ్చాడు.

"సంగవ్వాబాయీ, హోణార్ కీ నాహీ?"

అవుతుందా కాదా, అంతే ఆయన ప్రశ్న. సాయంత్రానికి బండి నడవకపోతే రేపటి నుంచి ఆటో పెట్టుకుంటాడట, ఆమె ఇంటికి పోవచ్చట. ఎద్దు పుండు కాకికి ముద్దా!

మెకానిక్ అంబాదాస్ కొత్త బ్యాటరీలు తెచ్చాడు. పాతవి దించి, తీగల కొసలకు పట్టిన తెల్లటి తుప్పు గీకి, కొత్తవి పేర్చాడు. సీటు కింద వెనక మూల సందులో రెండు నట్లు మిగిలిపోయాయి. అతని లావు చెయ్యి అందులో దూరలేదు.

"నువ్వే బిగియ్యాలె చెల్లె. పానాకు సైకిల్ ట్యూబు చుట్టిన, భయం లేదు. గని మెడల పుస్తెలతాడు తియ్యి."

"కొంగుల దోపుకుంట."

"వంగితె జారుతది. బ్యాటరీ రెండు కొసలకు ఒక్కసారే తాకిందంటె మెడ కాలుతది. ఒకని ఉంగరం గిట్లనే ఏలుకు అతుక్కపోయింది, నా కండ్లతోని చూసిన."

సంగవ్వ తాడును గుప్పిట్లో పట్టుకుంది. ఆ వేళకి మాణిక్ ఊళ్లో కడుతున్న ఓ భవనం నాలుగో అంతస్తులో పరంజా మీద నిలబడి గోడకు గిలాబు చేస్తున్నాడు. పోయిన నెలే అతని పక్కవాడు జారిపడి నడుము విరగ్గొట్టుకున్నాడు.

"ఆయన ఆడ గాలిల నిలబడి ఉన్నడు. నేనీడ తాడెట్ల తియ్యాలె అక్కా?"

ఇలాంటి పట్టింపులంటే నాకు ఒళ్లు మంట. కానీ ఆ గొంతు విన్నాక "తీసెయ్యి" అనడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఆమే మాణిక్‌కు ఫోన్ చేసింది. సంగతి విని అతను నవ్వాడు.

"తియ్యే. నేను బతికే ఉన్న."

"గట్లయితె ఫోన్ పెట్టకు. నేను మల్ల కట్టుకునే దాక మాట్లాడుకుంట ఉండు."

అబ్బ, ఎంత మంచి ఉపాయం అనుకున్నాం అందరం. నేను కూడా. స్పీకర్ పెట్టిన ఫోన్ ఒక చేతిలో, పసుపు వాసన వేసే ఆ తాడు ఇంకో చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

సంగవ్వ సీటు కిందికి వంగింది. ఫోన్‌లో మాణిక్ చెప్పుకుపోతున్నాడు, ఇసుక మంచిది రాలేదనీ, మేస్త్రి పొద్దుటి నుంచి తిడుతున్నాడనీ. ఆమె లోపలి నుంచి ఊ కొడుతోంది. మొదటి నట్టు బిగిసింది. రెండోదానికి పానా పట్టడం లేదు.

"తీగ ఇడువకు చెల్లె! జారి పక్కదానికి తాకితె మంటలేస్తయ్," అన్నాడు అంబాదాస్.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఎవరో "అరె పకడ్, పకడ్!" అని, పట్టుకోమని అరిచారు. ఏదో రాసుకున్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

సంగవ్వ ఊ కొట్టడం ఆగిపోయింది. "అక్కా, కట్టయ్యిందా?"

"సిగ్నల్ పోయినట్టుంది," అన్నాను. పచ్చి అబద్ధం.

ఆమె చెయ్యి బయటికి తీయలేదు. పళ్లు బిగబట్టి నట్టు ఆఖరి మర దాకా తిప్పింది. అప్పుడు లేచి, నా చేతిలోంచి తాడు లాక్కుని మెడకు కట్టుకోబోతే ముడి పడలేదు. నేను తిరిగి ఫోన్ చేశాను. స్విచాఫ్. అంబాదాస్ తాళం తిప్పగానే బండి దూడలా ఉరికింది. విలాస్ "ఛాన్, ఛాన్" అంటూ మెచ్చుకున్నాడు. ఎవరికి కావాలి!

సంగవ్వ నేల మీద కూలబడింది. "నేనే తీసిన. నా చేతులతోనే తీసిన."

నన్ను భయపెట్టింది తాడు కాదు. అంత ఎత్తున, పలక మీద నిలబడ్డ మనిషికి ఒక చెయ్యి ఫోన్‌కే సరిపోయింది. ఇంతమందిమి ఉండి ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. ఆ మాట ఆమెతో ఎలా అనను?

ఇంతలో కొత్త నంబరు నుంచి ఫోన్ మోగింది. స్పీకర్లో మాణిక్ రొప్పుతున్నాడు.

"ఫోన్ పడ్డది. నేను పడలే. అది జారుతుంటె అందుకోబోయి ఒంగిన. పక్కనున్న హన్మాండ్లు అంగి పట్టి ఎనుకకు గుంజిండు."

సంగవ్వ గొంతు చించుకుని అరిచింది. "పరంజ మీద నిలబడి ఫోన్ల ముచ్చట్లు పెడుతరా! పానం మీద తీపి లేదా నీకు?"

"నువ్వే గదనే మాట్లాడుమంటివి."

ఆమె చేతిలోని తాడు వైపు చూసింది. "ఔ," అంది. "నేనే అన్న."

అవతల అతను ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. ఫోన్ చుట్టూ నిలబడి అందరం అదే వింటూ ఉండిపోయాం.