కంట్రోల్ సీ నొక్కిన మనిషి

ఇది రాసి పెట్టకపోతే పోతుంది. మనిషి పనిచేసిన చోట మామూలుగా ఏదో ఒక గుర్తు మిగులుతుంది. మా నాన్న పోర్టులో మోసిన బస్తాలకు ఆయన భుజం మీద కాయ కాసి చివరిదాకా ఉంది. నేను ఎనభైలలో కొన్నేళ్లు కంప్యూటరు ముందు కూర్చుని నేర్చుకున్నది మాత్రం ఆకుపచ్చ అక్షరాలుగా కనిపించి, స్విచ్చి ఆపగానే పోయింది. ఆ మిషను కూడా పాత సామాన్లవాడి బండి మీద వెళ్లిపోయింది. దాన్ని నడిపిన ఆపరేటింగ్ సిస్టం పేరు సీపీఎం. అది తెలిసినవాళ్లు విశాఖపట్నంలో ఎంతమంది ఉండేవారో తెలియదు. నాకు దొరికింది ఒక్కడు. అతని సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

నేను ఇంటర్ తప్పినవాణ్ణి. మిగతా చదువంతా లైబ్రరీలో. ఈ మాట సిగ్గుపడుతూ చెప్పడం లేదు. వన్ టౌన్‌లో మా ఇంటి నుంచి లైబ్రరీకి నడిచి వెళ్లేవాణ్ణి. డీజిల్ ఇంజన్లు, నక్షత్రాలు, తేనెటీగల పెంపకం, ఏ పుస్తకం చేతికొస్తే అది అట్ట నుంచి అట్ట దాకా చదవడం నా పద్ధతి. సగంలో వదిలేసిన పుస్తకం గురించి ఎవరితోనూ మాట్లాడకూడదని ఒక నియమం పెట్టుకున్నాను.

పోర్టు దగ్గర, ఓడల సరుకును కస్టమ్స్ నుంచి విడిపించే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా యజమాని మద్రాసు నుంచి కంప్యూటరు తెప్పించి, మూలగదికి ఏసీ పెట్టించి, గుమ్మం బయట చెప్పులు విడవాలని బోర్డు రాయించాడు. లోపలికి వెళ్లడానికి ఎవరూ ముందుకు రాలేదు. టైపిస్టు అయితే, "షాకు కొడితే మా పిల్లల్ని ఎవులు సూత్తారు?" అని కుర్చీలోంచి లేవలేదు. లావుపాటి మాన్యువల్ చూసి నేను చదువుతానన్నాను. అలా అది నాకు దక్కింది.

స్విచ్చి వేశాక తెర మీద ఏ అనే అక్షరం, దాని పక్కన బాణం మొనలాంటి గుర్తు వచ్చేవి. అంతే. మనం ఏం చెబుతామా అని అది ఎదురుచూసేది. చెప్పవలసిన మాటలన్నీ మాన్యువల్లో ఉన్నాయి. అర్థం కాని ఇంగ్లీషు ముక్కలు కాగితం మీద ఎక్కించుకుని సాయంత్రం లైబ్రరీలో డిక్షనరీ తిరగేసేవాణ్ణి. మర్నాడు ఆ మాట టైపు చేస్తే, పుస్తకంలో ఉన్నట్టే తెర మీద జరిగేది. చదివింది చదివినట్టు జరగడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

ఆ సిస్టంకి ఒక పట్టింపు ఉండేది. లెక్కలు దాచుకునే పల్చటి ఫ్లాపీ బిళ్ల ఒకటి తీసి ఇంకొకటి పెడితే, మార్చానని దానికి చెప్పాలి. చెప్పడమంటే కంట్రోల్ మీట పట్టుకుని సీ నొక్కడం. అలా చెప్పకుండా కొత్త ఫ్లాపీ మీద రాయబోతే, రాయనని మొరాయించి ఆగిపోయేది. అప్పటిదాకా కొట్టిన బిల్లులు గాలికి పోయేవి. ఒకసారి అలా పోయాక నా ఎడమచేతికి బుద్ధొచ్చింది. ఫ్లాపీ పెట్టే అర తలుపు మూయగానే వేళ్లు వాటంతట అవే ఆ రెండు మీటల మీదికి వెళ్లేవి.

ఇదంతా చెప్పుకోడానికి మనిషి లేడు. టీ దగ్గర మా ఆఫీసువాళ్లతో సీపీఎం బాగుందని అన్నందుకు, "ఏటి బావ, పార్టీలో సేరిపోనావేటి? మరి జెండా ఏదీ?" అని వారం రోజులు ఏడిపించారు. ఇంట్లో అమ్మ మాత్రం ఓపిగ్గా వినేది. అంతా విని, "అదేటో నాకు తెల్దు గానీ నాన్నా, కళ్లు పాడు సేసుకోకు" అనేది. చర్చిలో పాటలు పాడుతున్నప్పుడు చుట్టూ అంతమంది ఉన్నా, నా బుర్రలో ఉన్నది వీళ్లలో ఒక్కరికీ అక్కర్లేదు కదా అనిపించేది. నాకు జీతం పెరగాలని లేదు. తెర మీద ఫలానాది వచ్చిందంటే, ఓహో అలాగా అనే మనిషి ఒక్కడు కావాలి. ఆ రోజుల్లో నేను నిజంగా కోరుకున్నది అదొక్కటే.

రెండేళ్లు తిరక్కుండానే యజమాని పాత మిషను అమ్మేసి కొత్తది కొన్నాడు. అందులో ఉన్నది డాస్ అనే వేరే సిస్టం. అది నేర్చుకోమని నన్ను ఆదివారాలు సీతమ్మధారలో ఒక కంప్యూటర్ ట్రైనింగ్ సెంటరుకి పంపాడు. డాస్‌లో కూడా తెర మీద అదే ఏ, అదే బాణం మొన. లోపల చూస్తే మాటలు వేరు. మనం ఖాళీ చేసిన ఇంట్లో వేరేవాళ్లు కాపురం పెట్టినట్టుండేది. ఫ్లాపీ మార్చి కంట్రోల్ సీ కొట్టే పనే లేదు. నా వేళ్లు మాత్రం కొడుతూనే ఉండేవి. పక్కన డిగ్రీ చదివే అమ్మాయి ఒకరోజు, "అదెందుకు నొక్కుతున్నారంకుల్?" అని అడిగింది. అప్పట్నుంచి ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకునేవాణ్ణి.

ఒక ఆదివారం నా ముందు వరసలో కొత్త మనిషి కూర్చున్నాడు. నా వయసువాడే, ముప్పై ఉంటాయి. ఫ్లాపీ తీశాడు, ఇంకొకటి పెట్టాడు, తలుపు మూశాడు. ఎడమచెయ్యి వెళ్లి కంట్రోల్ సీ కొట్టింది. కొట్టి, తల దించుకుని ఎవరైనా చూశారా అని ఇటూ అటూ చూశాడు.

క్లాసు అయ్యాక చెప్పులు వేసుకునే చోట పట్టుకున్నాను.

"మీరు సీపీఎం మీద పనిచేసినారా?"

అతను బెదిరినట్టు చూశాడు. "ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పనేదు. ఫ్లాపీ మార్చి కంట్రోల్ సీ కొట్టినారు కదా."

అతను ఒక చెప్పు వేసుకుని ఒక చెప్పు చేత్తో పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఏటి సెయ్మంటావు బావ. కొట్టకపోతే దానికి కోపమొత్తాదేమోనని బయిం."

అతనిది విజయనగరం అవతల పల్లెటూరు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. అప్పుడు కడుతున్న స్టీల్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్సు లెక్కలు చూసేవాడు. రేకుల షెడ్డులో ఒక మిషను, దానిమీద సీపీఎం, చుట్టూ సిమెంటు దుమ్ము. అతనికీ నేర్పినవాళ్లు లేరు, విన్నవాళ్లూ లేరు. గోపాలపట్నంలో గది తీసుకుని ఒక్కడే ఉండేవాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సెంటరు కింద టీకొట్టు దగ్గర బల్ల మీద కూర్చునేవాళ్లం. ముందు వచ్చినవాడు రెండు టీలు చెప్పాలని ఒప్పందం. పాత సిస్టంలో నకలు తీయాలంటే ముందు వెళ్లాల్సిన చోటు, తర్వాత ఉన్న చోటు రాయాలి. డాస్‌లో అంతా తిరగేసి. ఆ ఒక్క సంగతి మీద మేము రెండు ఆదివారాలు వాదించుకున్నాం.

"ఎక్కడికెల్లాలో ముందు సెప్పడమే నయం," అనేవాడతను. "బస్సుకి బోర్డు ముందుంటాదా, ఎనకుంటాదా?"

"ఎనకా ఉంటాది బావ."

"నువ్వు ఎనకబోర్డు సూసి ఎప్పుడైనా బస్సెక్కినావేటి?"

టీకొట్టు ఆయన మమ్మల్ని చూసి, "ఈలిద్దరికీ ఏదో పట్టింది" అని మిగతావాళ్లతో అనేవాడు. ఆ మాట నాకు ఎంత బాగుండేదో చెప్పలేను. ఈలిద్దరు. అంతకుముందు నన్ను ఇంకొకరితో కలిపి ఎవరూ అనలేదు.

కొన్ని నెలలకు అతనికి ఒక పెద్ద ఆఫీసులో పని దొరికింది. అక్కడ యునిక్స్ అనే ఇంకో సిస్టం. కళ్లు మెరుస్తుండగా చెప్పేవాడు. "ఒకే మిషను బావ, పదిమంది కూకోవచ్చు. ఎవులి పేరు ఆలు సెప్పుకుని లోపలికెల్లాలి. ఇప్పుడు ఎవులెవులు ఉన్నారని అడిగితే, పేర్లన్నీ వరసగా సూపించేత్తాది."

నేను వాడిన రెండు సిస్టంలకూ ఎదురుగా కూర్చున్నది ఎవరో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. "నన్నోసారి తీసుకెల్లవేటి?" అన్నాను. అతను అడిగి చూశాడు. బయటివాళ్లను రానివ్వరట. ఆ పూట నుంచి అతను చెప్పడం, నేను తలూపడం. వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. అమ్మ నా మాటలు విన్నట్టే నేను అతని మాటలు వింటున్నానని ఒకరోజు తెలిసి భయం వేసింది. ఇలాగే సాగితే అతనికి విసుగు పుడుతుంది.

లైబ్రరీలో యునిక్స్ పుస్తకం తెప్పించమని అడిగాను. ఆలస్యమైనా వచ్చింది. ఇంటికి ఇవ్వరు, అక్కడే చదవాలి. కొత్త మిషను వచ్చాక పని పెరిగి, మామూలు రోజుల్లో ఆఫీసు అయ్యేసరికి లైబ్రరీ మూసే వేళ అయ్యేది. మిగిలింది ఆదివారం. పూర్తిగా చదివి, వెళ్లి అతనితో సరిసమానంగా వాదించాలని నా పట్టుదల. సగం చదివి మాట్లాడటం నా నియమానికి విరుద్ధం. అతనికి చెప్పి మానేస్తే ఆ సరదా ఉండదని చెప్పలేదు కూడా. వరసగా కొన్ని ఆదివారాలు లైబ్రరీలోనే కూర్చున్నాను. మిషను ఎదురుగా లేకుండానే, ఒక్కో మాటకు తెర మీద ఏం వస్తుందో ఊహించుకుంటూ చివరి పేజీదాకా వచ్చాను.

ఆ మరుసటి ఆదివారం టీకొట్టుకి వెళ్లి రెండు టీలు చెప్పాను. కొట్టాయన ఒకటే పోశాడు.

"ఆ బాబు ఇంక రాడండి. ఆల ఆఫీసువోలు ఉత్తరాది ఎక్కడికో ఏసేసినారంట. మూడు వారాలు వరసగా వొచ్చి మీకోసం సూసినాడు."

"నాకేటైనా సెప్పమన్నాడా?"

"ఏటీ సెప్పనేదు. రెండు టీలు సెప్పేవోడు. మీరు రాకపోతే రెండూ ఆయనే తాగేసి ఎల్లిపోయేవోడు."

గోపాలపట్నంలో గదికి వెళ్లాను. తాళం వేసి ఉంది. సెంటరులో, అతని ఆఫీసు గుమ్మంలో అడిగినా అతని చిరునామా ఎవరి దగ్గరా దొరకలేదు. నా ఆఫీసు ఎక్కడో అతనికి సరిగ్గా చెప్పిన గుర్తు లేదు, ఆదివారం ఎలాగూ కలుస్తాం కదా అని.

ఇలాంటి జ్ఞాపకాల చివర సాయపడినవాళ్ల పేర్లు రాసి కృతజ్ఞత చెప్పడం మర్యాద. అడిగితే కొందరు పేరు వద్దన్నారు, పోయినవాళ్లను అడగలేను. అందుకని చేసిన పనులే చెబుతాను. తెలియనివాణ్ణని తెలిసీ మిషను అప్పగించిన మా యజమానికి, అర్థం కాకపోయినా చివరిదాకా విన్న మా అమ్మకి, ఒక్క పాఠకుడి కోసం పుస్తకం తెప్పించిన లైబ్రేరియన్‌కి, జరిగింది దాచకుండా చెప్పిన టీకొట్టు ఆయనకి నా కృతజ్ఞతలు. బావకి కూడా. యునిక్స్‌లో నకలు తీసే పద్ధతి గురించి నాకొక అభ్యంతరం ఉంది, అది అతనికే చెప్పాలి.