జున్ను ముట్టని మక్సూద్

ఆ రోజుల్లో అమీర్‌పేటలో జీతం అనేవాడే లేడు, అందరిదీ ప్యాకేజీయే. ఆ పాడు మాట పంజాగుట్ట సందులోని బర్రెల తబేలా దాకా పాకి మక్సూద్ నెత్తిన పడింది.

ఇరవై రెండేళ్లుగా అతను పొద్దునా సాయంత్రం సైకిల్ మీద వచ్చి అరుణాదేవి గారి పదకొండు బర్రెల పాలు పిండి పోయేవాడు. మధ్యాహ్నాలు మాసబ్ ట్యాంక్ వైపు ఇంకో తబేలాలో పని. రెండూ కలిపి అయిదు వేలు. కాపలా ముసలాయన మానేశాక, పూర్తిగా ఇక్కడే ఉండిపొమ్మని అడిగింది అరుణాదేవి. జీతం సంగతి కొడుకు తేలుస్తాడన్నది. కొడుకు రఘురామ్ మైత్రీవనంలో జావా చెబుతాడు. క్లాసుకు నూట యాభై మంది, మెడలో మైకు.

మక్సూద్ ఆరు వేలు అడిగాడు. రఘురామ్ బేరమాడలేదు. ప్యాకేజీ ఆరు వేలని కంప్యూటర్ కాగితం తీసి సంతకం పెట్టించుకున్నాడు. ఆ మాట చాయ్ హోటల్లో పదిమందికి చెప్పుకుని మురిశాడు మక్సూద్, రెండో తబేలా పని వదిలేశాడు. ఒకటో తారీఖున చేతికొచ్చింది మూడు వేల తొమ్మిది వందలు.

కాగితం కూతురు ఇఫ్ఫత్ చదివి చెప్పింది. గదికి పదిహేను వందలు, రోజుకో లీటరు పాలకు ఆరు వందలు, రెండూ ప్యాకేజీలోనివేనట. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మక్సూద్‌కి కడుపు మండిపోయింది. ఆ గది ఏం గది? గడ్డి మోపుల పక్కన ఒక మంచం, దాని కింద దాణా బస్తాలు. బర్రె తాడు తెంపుకుంటే లేవాలని పడుకునే చోటుకు అద్దెనా? పాలు పిండేవాడు ఇంటికి తీసుకెళ్లే లీటరుకు అరుణాదేవి భర్త, పెద్దాయన ఉన్నన్నాళ్లూ ఎవరైనా వెల కట్టారా?

అడిగితే రఘురామ్ విసుక్కోను కూడా లేదు, అదే ఇంకా ఒళ్లు మండించింది. కంపెనీలన్నీ ఇలాగే ఇస్తాయని, డ్యూటీ కూడా పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలేనని, పాఠం చెప్పినట్టు నవ్వుతూ చెప్పాడు.

"అయితే గా గదికి నేను కిరాయిదారుని సారూ," అన్నాడు మక్సూద్. "డ్యూటీ అయినంక తలుపేస్కుంట. బర్రె అరిస్తే లేవ."

రఘురామ్ అది వేళాకోళం అనుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం పెద్ద బర్రెకు నొప్పులొచ్చాయి. దూడ ముందుకాలు ఒకటి బయటికొచ్చింది, రెండోది లోపల మడతపడింది. మక్సూద్ గడపలో కూర్చుని చూస్తున్నాడు, కదలలేదు. పశువుల డాక్టరు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానన్నాడు. తల్లి ఫోన్ చేస్తే రఘురామ్ క్లాసు వదిలి, మెడలో మైకుతోనే పరుగెత్తుకొచ్చాడు. దండం పెడతాను లేవండి భాయ్ అంటూ బతిమాలాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. అయినా మక్సూద్ లేవలేదు.

అప్పుడు బర్రె మెడ తిప్పి అతని వైపు చూసింది. ఇరవై రెండేళ్ల అలవాటును తిట్టుకుంటూ లేచాడు.

"నీ కోసం కాదు," అని రఘురామ్ మొహం మీదే అన్నాడు. మోచేతి దాకా నూనె రాసుకుని, లోపల కాలు సరిచేసి దూడను లాగాడు. తల్లీ బిడ్డా దక్కాయి.

దూడ తాగగా మిగిలిన పాలతో అరుణాదేవి బెల్లం, మిరియాలు వేసి జున్ను వండింది. పురుడు పోసిన మనిషికే మొదటి గిన్నె, అది ఆ తబేలా ఆనవాయితీ. ఆ గిన్నె ముట్టకపోతే యజమానికి అంతకు మించిన తిట్టు లేదు. ఆమె తెచ్చి ఇస్తే మక్సూద్ మూత కూడా తీయలేదు.

"కాగితంల జున్ను లేదమ్మా. వచ్చే నెల దీనికి సుత పైసలు కోస్తరు."

ఆమెకు ఆ కాగితం సంగతే తెలియదు. తెప్పించి చదివింది.

"మీ నాన్న ఆ గది అద్దెకివ్వడానికి కట్టలేదురా," అన్నది కొడుకుతో. "ఇక్కడ ఒక మనిషి మెలకువగా ఉంటేనే మనం ఇంట్లో పడుకున్నాం. ఈ పాల డబ్బుతోనే నువ్వు చదువుకున్నావు."

రఘురామ్ పెన్ను తీసి గది అద్దె కొట్టేశాడు. పాల దగ్గర ఆగి, సగం పెట్టుకుందామా అని గొణిగాడు. మక్సూద్ పరుపు చుట్టడం మొదలుపెట్టాడు. అరుణాదేవి పెన్ను లాక్కుని పాల లెక్క మీద గీత తనే గీసింది.

మక్సూద్ పరుపు దించి, జున్ను గిన్నె తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. మూత మాత్రం తీయలేదు.

"పోయిన నెలది?" అన్నాడు.

రఘురామ్ ఏటీఎం దాకా పోయి ఇరవై ఒక్క వందలు తెచ్చేసరికి జున్ను చల్లారిపోయింది. మక్సూద్ నోట్లు జేబులో పెట్టుకుని, మూత తీసి, గిన్నెలో ఒక్క ముక్క మిగలకుండా తిన్నాడు. తింటున్నంతసేపూ రఘురామ్‌ను కూర్చోమనలేదు.