రంగు వేయక ముందు

మా షెడ్డులో బండి బాడీ పూర్తయ్యాక, రంగు వేయక ముందు ఓనరు వచ్చి చూసుకుని పోవాలి. ఇది మా ఆయన పెట్టిన ఆనవాయితీ. హిందూపురంలో ఇంకెవరూ అలా చేసేవారు కాదు. రంగు వేసి, మెరుగు పెట్టి, ముందు పూలదండ కట్టి అప్పగించేవారు. "రంగు ఎక్కినంక అన్ని తప్పులూ అందంగానే కనపడతాయి. ఉత్త రేకు చూసి ఒప్పుకున్నోడే నా గిరాకీ" అనేవాడు మా ఆయన. అందులో కొంత నిజాయితీ, కొంత గర్వం. ఏది ఎంతో ఇన్నేళ్ళ కాపురంలోనూ నాకు తేలలేదు.

ఇప్పటి వాళ్ళకు చెబితే నమ్మరు గానీ, మా వైపు ఆ రోజుల్లో కారంటే కొనుక్కునేది తక్కువ, కట్టించుకునేది ఎక్కువ. యుద్ధం అయ్యాక మిలిటరీ వేలంలో వచ్చిన బండ్లు, బెంగళూరులో దొరలు వదిలేసి పోయిన కార్లు చేతులు మారి మారి మా దగ్గరికి వచ్చేవి. ఇంజను, చాసీ బాగుంటే చాలు. పైనున్నదంతా ఊడబీకి, టేకుతో చట్రం నిలబెట్టి, దానికి రేకు తొడిగేవాళ్ళం. బెల్లం మండీ ఆయనకు వెనక తలుపు వెడల్పుగా కావాలి. డాక్టరుకు మందుల పెట్టె పట్టే అర కావాలి. ఒకాయన తన కారులో మేనత్త కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు కావాలన్నాడు. ఎవరికి ఏది కావాలంటే అది కట్టడమే మా వ్యాపారం.

పెనుకొండ రోడ్డులో ముందు షెడ్డు, వెనక మా ఇల్లు. సీట్లకు కొబ్బరిపీచు నింపి రెక్సిన్ కుట్టేది నేనే. పనివాళ్ళను కుదిర్చేదీ నేనే, ఎందుకంటే మా ఆయనకు ఎవరొచ్చినా మంచివాళ్ళే. ఎవరైనా గుమ్మంలో నిలబడి 'మేస్త్రీ' అని పిలిస్తే చాలు, లోపలికి రమ్మనేవాడు. వాళ్ళను బయటికి పంపే చెడ్డపేరు మాత్రం నాది.

ఆయన కళ్ళు పోతున్నాయని మొదట తెలిసింది కూడా నాకే. గ్యాసు వెల్డింగుకు నల్లద్దాలు పెట్టుకోమంటే, పెట్టుకుంటే అతుకు కనబడదని పక్కన పారేసేవాడు. కొన్నేళ్ళకు అద్దాలు లేకపోయినా అతుకు కనబడకుండా పోయింది. బెంగళూరు తీసుకుపోయి చూపించాను. వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నారు. తిరిగొచ్చే రైల్లో ఆయన ఒకటే మాట అన్నాడు. "షెడ్డులో ఎవురికీ చెప్పొద్దు."

ఎందుకని నేను అడగలేదు. కళ్ళు కనబడని మేస్త్రి దగ్గరికి ఎవరు బండి తెస్తారు? ఆ భయం ఒకటి. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఆ మనిషికి మేస్త్రి అన్న పిలుపు తప్ప వేరే ఆస్తి లేదు. దాన్ని తీసేస్తే లోపల ఎవరు మిగులుతారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మా అదృష్టం ఏమంటే, ఆయన ముందునుంచీ రేకును కంటితో చూసే రకం కాదు. బండి చుట్టూ తిరుగుతూ అరచెయ్యి ఆనించి, ముందు మడ్‌గార్డు నుంచి వెనక తలుపు దాకా నిమురుకుంటూ పోయేవాడు. సొట్ట ఉన్నచోట చెయ్యి ఆగేది. అందువల్ల చూపు పోయాక కూడా ఎవరికీ తేడా తెలియలేదు. షెడ్డులో ఏ వస్తువు ఎక్కడుందో ఆయనకు తెలుసు. మాటలు వినబడిన వైపు మొహం తిప్పి మాట్లాడేవాడు. తోవలో ఏదీ అడ్డం పెట్టకుండా నేను కాపలా కాసేదాన్ని, అరిచేదాన్ని. నాది గయ్యాళి నోరని పేరు పడింది. పడనీ అనుకున్నాను.

చట్రం పని చేసే పెనుకొండ వడ్రంగి మా పాత మనిషి. అంతకుముందు ఎద్దులబండ్లు చేసినవాడు. అమావాస్యనాడు ఉలి ముట్టడు, తక్కిన రోజుల్లో నోరు తెరవడు. మా ఆయన చూపు సంగతి అతనికి తెలుసనే నా నమ్మకం, కానీ అతనితో నాకు బెంగ లేదు. బెంగంతా రేకు పనివాళ్ళతోనే. చెయ్యి కుదిరినవాడు బెంగళూరు రైలెక్కేవాడు. కుదరనివాడు మాకు మిగిలేవాడు. ఒకడు సొట్ట తీసే ఓపిక లేక దాని మీద లప్పం మెత్తి నున్నగా గీకాడు. మా ఆయన వేలి కణుపుతో రేకు మీద కొట్టి, "ఇది రేకు పలికినట్ల లేదే" అన్నాడు. వాడు వెళ్ళిపోయాడు. ఇంకొకడి పని బంగారం, నోరు మాత్రం గంప. మేస్త్రి తలుపు గడియ తడుముకుంటున్నాడని టీ అంగట్లో నవ్వుతూ చెప్పాడట. ఆ మాట నా చెవిన పడ్డ మరునాడు వాణ్ణి కూడా పంపేశాను.

అప్పుడు నాకు బాగా అర్థమైంది, నేను వెతుకుతున్నది పనితనం ఒక్కటే కాదని. పని వచ్చా అని అడగవచ్చు, చేయించి చూడవచ్చు. కళ్ళు లేని మనిషి కింద ఆయన్ను మోసం చేయకుండా, ఆయన మీద జాలి చూపించకుండా పని చేస్తావా అని ఎవరిని ఎలా అడగను? అడిగితే గుట్టు బయటపడుతుంది. అడగకపోతే మనిషి దొరకడు.

ఉన్నట్టుండి ఒకరోజు వడ్రంగి నోరు విప్పాడు. "మా చెల్లెలి పెండ్లికి ధర్మవరంలో ట్రంకుపెట్టె కొంటిమమ్మా. ఇన్నేండ్లయినా మూత బిగువు పోలేదు. ఆ చేసినాయప్ప ఉండాడేమో చూసిరాపో."

పొద్దున రైలుకు ధర్మవరం వెళ్ళాను. మగ్గాల చప్పుడు వినబడే ఒక సందులో, తన అన్న అంగట్లో కూర్చుని పెట్టెలు చేస్తున్నాడు ఆ మనిషి. సాయిబుల ఇల్లు, అందరిదీ రేకు పనే. నడివయసు.

"ఏమప్పా, కార్లకు రేకు కొడతావా?" అన్నాను.

"పెట్టెలకు కొడతానమ్మా. కారు నేను ఎక్కిందే లేదు."

"ఎక్కేది మేము నేర్పంలే. కట్టేది నేర్పుతాం."

నవ్వాడు. నాతో మాట్లాడుతూనే మూత లోపలి అంచును మడిచి, మడిచిన చోటల్లా వేలితో రాసి చూసుకుంటున్నాడు. ఎందుకలా అంటే, పట్టుచీర పోగు తగులుకోకూడదు కదమ్మా అన్నాడు. ఆ పని చేస్తున్నంతసేపూ అతని కళ్ళు నా వైపే ఉన్నాయి. వేలు ఒకచోట ఆగింది, వెనక్కి వెళ్ళి మళ్ళీ రాసింది. అప్పుడు మాత్రం వంగి చూశాడు. ఇంక నేను వేరే పరీక్ష పెట్టలేదు. మా షెడ్డులో అతని పేరు ధర్మవరమాయన అయిపోయింది.

మొదటి బండితోనే మమ్మల్ని నవ్వించాడు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన, చీరల మూటలు నలగకుండా పట్టేట్టు కారు వెనక భాగం కట్టమన్నాడు. మా ఆయన కొలతలు చెప్పి, తక్కినది అతనికి వదిలేశాడు. తీరా చూస్తే వెనక వైపంతా ట్రంకుపెట్టె అయి కూర్చుంది. మూలలకు తొడుగులు, రేకు మీద వరస గీతలు, మధ్యలో ఒక పువ్వు కూడా. మా ఆయన అంతా నిమిరి, "అన్నీ బాగుండాయి గానీ, తాళం యాడప్పా?" అన్నాడు ఎగతాళిగా. ధర్మవరమాయన మాత్రం, "ఇదో మేస్త్రీ, ఈడ కొండి పెట్టినా" అని చూపించాడు. వడ్రంగి నవ్వడం నేను అప్పుడే చూశాను. కొట్టేసి మళ్ళీ చేద్దాం అనుకునేలోగా చీరల వ్యాపారి వచ్చి, కొండికి అక్కడికక్కడే తాళం వేసి చూసుకుని మురిసిపోయాడు. ఆ తర్వాత అలాంటిదే కావాలని ధర్మవరం నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు.

పెట్టెలు చేసే చేతికి తిన్నని మడతలు వస్తాయి గానీ వంపులు రావు. మడ్‌గార్డు వంపు నేర్పడానికి మా ఆయన ఇసకసంచి మీద రేకు పెట్టించి, అతని చేతి మీద తన చెయ్యి వేసి సుత్తి కొట్టించేవాడు. అలా చేతిమీద చెయ్యి వేసి కూర్చున్నప్పుడే అతనికి సంగతి తెలిసి ఉంటుంది. తోవలో ఏదీ అడ్డం ఉండకుండా చూసేది అప్పటినుంచి అతనే. నేను అరవాల్సిన పని తప్పింది.

ఏడాది తిరిగేసరికి అతని రేకు మా ఆయన రేకంత నున్నగా వచ్చింది. అయినా ఒక లోపం మాత్రం పోలేదు. ఓనరు చూసుకోవడానికి వచ్చిన రోజున, మా ఆయన చెయ్యి ఎక్కడో ఒకచోట ఆగేది. "ఏమప్పా, ఈడ సొట్ట ఎవురు తీస్తారు?" అని గదమాయించి, సుత్తి అడిగి తీసుకుని, రేకు లోపలివైపు ఇనుప దిమ్మె ఆనించి పట్టించి, తనే కొట్టి సరిచేసేవాడు. ఓనరు నోరు తెరుచుకుని చూసేవాడు. మేస్త్రి చెయ్యంటే చెయ్యే అని ఊళ్ళో చెప్పుకునేవాడు. ధర్మవరమాయన తల వంచుకుని నిలబడేవాడు. ఇంత మంచి పనివాడికి ప్రతిసారీ ఈ ఒక్క తప్పు ఏమిటని నాకు ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం తలుపు లోపలి రెక్సిన్‌కు కొలత తీసుకోవడానికి షెడ్డులోకి వెళ్ళాను. ధర్మవరమాయన తలుపు పూర్తి చేసి, చెయ్యి ఆనించి చూసుకుని, తృప్తిగా తల ఊపాడు. తర్వాత సుత్తి తీసుకుని, లోపలి నుంచి చిన్నగా ఒక్క దెబ్బ వేశాడు.

"ఏం చేస్తాండావప్పా నువ్వు?" అన్నాను.

సుత్తి పక్కన పెట్టాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "మేస్త్రికి ఒకటి వదులుతాండా అమ్మా."

నాకు కోపం వచ్చింది. వచ్చిందనడం తక్కువ, కళ్ళలో నీళ్ళు తిరిగేంత కోపం. "ఆయన్ను ఆడిస్తాండావా? ఇది మోసం కాదా?"

"మోసం యాడుండాదమ్మా? సొట్ట నిజం. దాన్ని ఆయన కనుక్కునేదీ నిజమే. నేను యాడ పెట్టినానని ఆయనకు చెప్తానా?"

కొలత తీసుకోకుండానే ఇంట్లోకి వచ్చేశాను. ఆ సాయంత్రమంతా ఆలోచించాను. ఇది జాలి అయితే నాకు అక్కర్లేదు. కానీ జాలి చూపించేవాళ్ళు మాటలు మెత్తగా మాట్లాడతారు, చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. ఇతను ఓనర్ల ముందు తిట్లు తింటున్నాడు. తన పనికి తనే మచ్చ పెట్టుకుంటున్నాడు. పనివాడికి అంతకంటే కష్టమైనది ఏముంటుంది? ఆ రోజునుంచి నేను కూడా చూసీ చూడనట్టే ఉన్నాను.

అలా చాలాకాలం నడిచింది. ఒకసారి బెంగళూరు గ్యారేజీ ఒకదాని నుంచి మనిషి వచ్చి, తమ దగ్గరికి మేస్త్రిగా రమ్మని ధర్మవరమాయన్ను అడిగాడు. మా ఎదురుగానే అడిగాడు. అతను రానన్నాడు. ఆ మనిషి వెళ్ళిపోయాక మా ఆయన, "ఏల పోవప్పా? మేస్త్రిగా పిలుస్తాండారు కదా" అన్నాడు.

"ఈడ మేస్త్రి ఉండాడు కదా. నాకేం తక్కువ?" అన్నాడు అతను.

మా ఆయన ఆ రోజు అన్నం సరిగా తినలేదు. ఏమైందంటే ఏమీ లేదన్నాడు.

ఆ వారంలోనే కనగానపల్లి నుంచి శెనక్కాయల వ్యాపారి తన బండి చూసుకోవడానికి వచ్చాడు. ఎప్పటిలాగే మా ఆయన ముందు మడ్‌గార్డు దగ్గర మొదలుపెట్టాడు. వ్యాపారి పక్కనే నడుస్తున్నాడు. వెనక తలుపు మీద చెయ్యి ఆగింది. నేను రెక్సిన్ కుడుతూ, ఇప్పుడు గదమాయిస్తాడు అనుకున్నాను. గదమాయించలేదు. సుత్తి అడగలేదు. చెయ్యి అక్కడే ఆనించి నిలబడ్డాడు.

"ఇన్ని బండ్లు కడితిమి. ఎప్పుడూ నా చెయ్యి అందే ఎత్తులోనే సొట్ట పడుతుందా అప్పా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, నవ్వు లాంటిదే ఉంది. "ఇంక చాల్లే. నువ్వే తియ్."

ధర్మవరమాయన కదలలేదు. వ్యాపారికి ఏమీ అర్థం కాలేదు. మా ఆయన వ్యాపారి వైపు మొహం తిప్పాడు. "నాకు కండ్లు కనపడవు సామీ. శానా ఏండ్లయింది. ఈడ మేస్త్రి ఈయప్పే. ఏమన్నా అడగల్లంటే ఈయప్పను అడుగు."

సూది నా చేతిలో ఆగిపోయింది. ఆ ఒక్క మాట బయటికి రాకూడదని నేను ఎంతమందిని తరిమేశానో, ఎంతమందితో గొడవ పెట్టుకున్నానో. దాన్ని ఈయన మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా అనేశాడు. కొట్టాలనిపించింది. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడవాలని కూడా అనిపించింది.

వ్యాపారి ఆయన్ను చూశాడు, బండిని చూశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత ధర్మవరమాయన వైపు తిరిగి, "అట్లయితే మేస్త్రీ, రంగేసి ఎప్పుడిస్తావు?" అని అడిగాడు.

ఎప్పుడివ్వాలో మా ఆయనే చెప్పాలన్నట్టు ధర్మవరమాయన ఆయన వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు మా ఆయనకు కనబడదు. అందరూ ఎందుకు ఊరకున్నారో తెలియక, చెవి ఒగ్గి, జవాబు కోసం ఆయన కూడా ఎదురుచూస్తున్నాడు.

ఇంక నేనే నోరు విప్పాల్సి వచ్చింది.

"నిన్నే అడుగుతాండాడు మేస్త్రీ" అన్నాను ధర్మవరమాయనతో. "చెప్పు."