రికార్డు ఆపిన రెండు నిమిషాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు ఆషాఢంలో, జగిత్యాల శివారులోని ఒక ఫంక్షన్ హాల్లో మూడు కెమెరాల లైవ్ మిక్సింగ్ పని ఒప్పుకున్న. అప్పటికి కోరుట్లలో నా వీడియో యూనిట్ మొదలై ఇరవై అయిదేండ్లు దాటింది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. కెమెరాలు బ్యాగుల్లో, కెమెరామెన్లు చాయ్ హోటల్లో, నేను షాపులో ఈగలు తోలుకుంట ఉండే నెల అది. అందుకని వచ్చిన పని పెండ్లా, పుట్టినరోజా, దినమా అని అడగలేదు. ముందు ఒప్పుకొని తర్వాత అడిగిన.

పని తెచ్చినాయన పేరు రాకేశ్. సిరిసిల్లలో సాంచాలు నడుపుతడు. మరమగ్గాలను మా దిక్కు సాంచాలంటరు. తీరిక దొరికినప్పుడు డ్రమ్స్ వాయిస్తడు. నలుగురు కలిసి బ్యాండ్ పెట్టుకున్నరు. తమది ప్రోగ్రెసివ్ మెటల్ అని చెప్పిండు. అదేందో నాకు తెల్వదన్న.

"గిటార్లు గట్టిగ మొత్తుకుంటయి సేటు. తాళం నడుమల మారుతది. ఏడు కొడుతం, అయిదు కొడుతం, మళ్ల ఏడుకొస్తం. సాంచాల షెడ్డుల నిలవడితె గట్లనే ఇనవడుతది. ఒక్కొక్క పాట పావుగంట."

"పావుగంటనా? గంతసేపట్ల నేను తలంబ్రాలు ముగిస్త."

"నువ్వు ముగిస్తవు. అయ్యగారు ముగియ్యద్దా?"

నన్ను ఊరంతా సేటు అంటది. మా నాయినది కోరుట్ల బస్టాండు దగ్గర కిరాణం దుకాణం. తక్కెడ పక్కన పెరిగినోన్ని. ఎదుటి మనిషి ఏదన్న అడిగితే, అది ఎందుకు అవసరం లేదో చెప్పుడు నాకు ముందుగాల వచ్చిన విద్య. కెమెరా తర్వాత నేర్చుకున్న.

రాకేశ్ రెండు సంగతులు అడిగిండు. ఒకటి, మూడు కెమెరాలలో వేరువేరుగా కార్డులు పెట్టి రికార్డు చెయ్యాలె. రెండోది, సౌండ్ బోర్డు నుంచి ఇంకో రికార్డర్‌కు పాట విడిగా ఎక్కించాలె. రెండూ కొట్టేసిన. కెమెరాకో కార్డు పెడితే తర్వాత షాపులో మూడు బొమ్మలూ మళ్లీ కలపాలె, వారం రోజుల పని. సౌండ్ వైరు ఎట్లాగూ మిక్సర్‌కే వస్తది, దానికి ఇంకో డబ్బా దేనికి? పెండ్లి వీడియోలో మంత్రాలు తప్ప అసలు సౌండ్ ఎవరూ ఉంచరు, పైన సినిమా పాటలు వేస్తం. ఆ అలవాటుతోనే మాట్లాడుతున్నట్టు అప్పుడు నాకు తోచలేదు. బేరం గెలిచినట్టే తోచింది.

బేరం నడుస్తున్నంతసేపు స్టూలు మీద ఒకామె కూసుని ఉన్నది. మెడకు స్కార్ఫ్. ఒక్క మాట మాట్లాడలేదు. ఈమె మంచిగున్నది, అడ్డం రాదు అనుకున్న. పోయేముందు రాకేశ్ చెప్పిండు. పేరు కరుణ, మల్లాపూర్. బ్యాండులో పాడేది ఆమెనే. చిన్నప్పటి నుంచి చర్చిలో పాడింది. గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదులో డాక్టర్లు స్వరపేటిక తీసెయ్యాలన్నరు. తీస్తే మనిషి మిగులుతది, గొంతు మిగలదు. ఆపరేషన్‌కు ఇంకా పన్నెండు రోజులు ఉన్నయి. అప్పటిదాకా మాట్లాడొద్దన్నరు. ఆమె ఆ మాట ఒక్క మధ్యాహ్నానికి తప్పుతది.

"రిహార్సల్ల సుత పాడుతలేదు సేటు. మేం వాయిస్తున్నం, ఆమె పెదవులు కదిలిస్తున్నది. గొంతు దాసుకుంటున్నది. ఒక్కసారే పాడుతది. గది నువ్వు పట్టాలె."

"పట్టుకుంట. గదే కదా నా పని," అన్న.

ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం రెండింటికి పాట మొదలైంది. వందమంది వరకు వచ్చిన్రు. ఎక్కువ మంది నల్ల టీషర్టులు. ఇద్దరు కెమెరామెన్లు, సలీం, అంజి, స్టేజీకి రెండు పక్కల. మూడో కెమెరా స్టాండు మీద, మనిషి లేకుండ. నేను హాలు వెనుక టేబుల్ దగ్గర మిక్సర్ ముందు.

మిక్సర్ సంగతి తెలువనోళ్ల కోసం చెప్తున్న. మూడు కెమెరాల బొమ్మ కేబుళ్ల మీద మిక్సర్‌కు వస్తది. ఏ బొమ్మ చూపాలెనో నేను బటన్ ఒత్తి మారుస్త. ఆ బొమ్మ రెండు దారుల పోతది. ఒకటి హాల్లో పెద్ద స్క్రీనుకు, ఇంకోటి రికార్డర్‌కు. రికార్డర్ ఆపినా స్క్రీన్ నడుస్తనే ఉంటది. హాల్లో కూసున్నోనికి రికార్డు అవుతుందో లేదో తెల్వదు. తెలిసేది నా ఒక్కనికే.

మొదటి మూడు పాటలకు నా బటన్లు ఒక్కటీ తాళం మీద పడలేదు. నాలుగు లెక్కపెట్టి బొమ్మ మార్చుడు నా చెయ్యికి అలవాటు. వాళ్లేమో ఏడు కొడుతున్నరు. చెవుల పెట్టుకున్న హెడ్‌ఫోన్ లోపల నుంచి కరుణ గొంతు గరగర రాళ్లు నూరినట్టు వస్తున్నది. అంత శబ్దం ఆ స్కార్ఫ్ కింద నుంచి ఎట్ల వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆఖరి పాటకు ముందు ఆమె మైకులో ఒక మాట చెప్పింది. ఫోన్లు జేబుల పెట్టుకోండ్రి, ఈ ఒక్కటి కండ్లతోటి చూడుండ్రి, వీడియో వీళ్లు తీస్తున్నరు, తర్వాత అందరికీ వస్తది అని. వందమంది ఫోన్లు లోపల పెట్టిన్రు. చెప్పిన మాట విన్న జనాన్ని నేను ఆ ఒక్కనాడే చూసిన.

పాట పది నిమిషాలు నడిచింది. ఒక్కసారి అంతా ఆగిపోయింది. డ్రమ్స్ లేవు, గిటార్లు లేవు. లైట్లన్నీ ఆరి ఒక్కటే మిగిలింది. ముందు వరుసలో ఒకరిద్దరు చప్పట్లు కొట్టిన్రు. ఐపోయిందనుకున్న. రికార్డర్ ఆపిన.

పెండ్లి వీడియోలో రికార్డర్ ఊకనే నడవద్దు. అయ్యగారు చాయ్‌కు పోతే ఆపాలె, పెండ్లిపిల్ల చీర మార్చుకోను పోతే ఆపాలె. లేకుంటే ఆ ఖాళీ అంతా తర్వాత నేనే కూసుండి కోయాలె. మా నాయిన గిరాకి మెట్టు దిగంగనే బల్బు ఆర్పేటోడు. నేనూ అదే చేసిన. చెయ్యి చేసింది, నేను చూసిన కూడా లేదు.

అప్పటికే హాలు మేనేజర్ వెనుక తలుపు దగ్గర నిలబడి రమ్మని సైగ చేస్తున్నడు. సాయంత్రం పార్టీ మీటింగ్ ఉన్నదట, కుర్చీలు మార్చాలట, జల్ది ఖాళీ చెయ్యాలట. హెడ్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టి పోయిన. అరగంట అడిగిన. పది నిమిషాలన్నడు. ఇరవై అన్న. మేం అట్ల మాట్లాడుతుంటే వెనుక నుంచి ఎవరో మెల్లగ పాడుతున్నది వినవడ్డది. గరగర లేదు, మైకు కూడ లేదనిపించింది. నాట్లేసేటప్పుడు ఆడోళ్లు తీసే రాగం. ఎవరో జనంలో పాడుతున్నరనుకున్న.

"చూడు, ఐపోయింది. సర్దుకుంటున్నరు. ఇరవై ఇయ్యరాదా," అని అతనితోటి అన్న.

ఇరవైకి ఒప్పుకున్నడు. అప్పుడే డ్రమ్స్ పడ్డయి. పాట ఐపోలేదు, ఆ పాడింది కరుణనే.

ఉరికిన. రికార్డర్ ఒత్తిన. స్క్రీన్ మీద కరుణ మొహం, దగ్గరి షాట్, సలీం మంచిగ పట్టిండు. కింద రికార్డర్ గడియారం సున్నా నుంచి మొదలైంది. మిగిలిన అయిదు నిమిషాలు పూర్తిగ వచ్చింది. జనం లేచి నిలబడ్డరు. వెనుక వరుసలో ఒక పిల్ల ఏడుస్తున్నది. ఎందుకు ఏడుస్తున్నదో నేను చూడలేదు, నా దగ్గర రికార్డు లేదు.

షాపుకు వచ్చి మా పనిలో అందరం చేసేదే చేసిన. తెగిన రెండు కొసలు కలిపిన. నడుమ జనం బొమ్మ, స్లో మోషన్, ఒక పొగ. అతుకు కనవడకుండ కుదిరింది. దండలు మార్చుకునేటప్పుడు కెమెరా పడిపోయిన పెండ్లిని కూడ నేను అట్ల నిలబెట్టిన. నా మీద నాకే మెప్పు కలిగింది.

నెల తర్వాత రాకేశ్ చూడను వచ్చిండు. కరుణ కూడ వచ్చింది. మెడలో గొట్టం, దాని మీద గాజుగుడ్డ. కౌంటర్ మీద రాకేశ్ వేళ్లతోటి తాళం కొట్టుకుంట చూస్తున్నడు. అతుకు దగ్గరికి రాంగనే వేళ్లు ఆగినయి.

"గీడ పాట లేదు సేటు."

"రికార్డర్ హ్యాంగ్ అయింది," అన్న.

మా పనిలో ఇది అన్నిటికన్న పాత అబద్ధం. కార్డు కరప్ట్ అయింది, రికార్డర్ హ్యాంగ్ అయింది, కరెంటు ఎక్కువతక్కువ అయింది. మెషీన్ ఎదురు మాట్లాడదు కాబట్టి నడుస్తది. జనంలో ఎవరన్న తీసిన్రేమో అని రాకేశ్ తర్వాత వాట్సాప్ గ్రూపులల్ల అడిగిండట. ఒక్కరి దగ్గర కూడ దొరకలేదు. ఆ రాగం అంతకుముందు ఎక్కడా పాడలేదు, ఏ ఫోనులో లేదు.

కరుణ తన ఫోనులో రాసి నాకు చూపింది. అతుకు తియ్యుండ్రి, ఆ జాగల నలుపు పెట్టుండ్రి, సౌండ్ వద్దు, ఎంతసేపు పాడిన్నో అంతసేపు ఉండాలె అని. ఎంతసేపో నాకు తెల్వదంటే రాకేశ్ చెప్పిండు. ఆమె పాడేటప్పుడు అతడు వాయించడు గని లోపల లెక్కపెట్టుకుంటడు, మళ్ల ఎప్పుడు అందుకోవాల్నో తెలువాలె కదా. ఆ లెక్క ప్రకారం రెండు నిమిషాలకు కొంచెం తక్కువ. అంత నలుపు పెట్టిన. పనిలో అది అన్నిటికన్న సులువైన ఎడిటింగ్.

గడ్డ మళ్ల లేచింది. మరుసటి ఎండాకాలంలో కరుణ చనిపోయింది. నాకు ఆలస్యంగ తెలిసింది.

వానలు పడ్డంక ఒకనాడు పొద్దున ఒక ముసలామె షాపుకు వచ్చింది. కొంగు ముడి విప్పి పెన్‌డ్రైవ్ తీసి కౌంటర్ మీద పెట్టింది. కరుణ వాళ్లమ్మ, ఎస్తేరమ్మ. వరి నాట్లల్ల, పసుపు చేన్లల్ల కూలి పని. ఇంట్ల టీవీ పాతది, దీన్ని పట్టదు, నువ్వే తీసినవట కదా, ఒకసారి ఎయ్యి అన్నది. కుర్చీ వేసి పెద్ద మానిటర్ మీద పెట్టిన.

ఆ మొత్తుకునుడు ఆమెకు నచ్చలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని మొత్తం ఓర్చుకున్నది. "గీ లొల్లి నాకు సమజ్ కాదు బిడ్డ. నడుమల నా రాగం ఉంటదట. నేను నాట్లల్ల పాడేది. నాకు చెప్పకుంట పెట్టింది. ఆపరేషన్ అయినంక రాసి చూపిచ్చింది," అన్నది.

నలుపు వచ్చింది. ఎస్తేరమ్మ పైకి చూసింది. ఫ్యాన్ తిరుగుతున్నది.

"కరెంటు వోయిందా సేటు?"

పోలేదని చెప్పిన. రికార్డర్ హ్యాంగ్ అయిందని నోటి దాకా వచ్చింది. ఆమెతోటి ఆ మాట అననీకి నోరు రాలేదు. నేనే ఆపిన అమ్మా, ఐపోయిందనుకొని ఆపిన అన్న.

"పాడిందా మరి?"

"పాడింది."

"నువ్వు ఇన్నవా?"

విన్ననన్న.

"ఎట్ల పాడింది?"

ఆ రెండు నిమిషాలు నేను ఇరవై నిమిషాల కోసం మేనేజర్ మొహం చూస్తున్న. రాగం చెవుల పడ్డది గని లోపలికి పోలేదు. ఆమె డ్రమ్స్ మొదలుకాంగనే లేచి, పెన్‌డ్రైవ్ కొంగుకు కట్టుకొని మల్లాపూర్ బస్సుకు పోయింది.

ఆ వారమే సిరిసిల్ల పోయి రాకేశ్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. సాంచాలు ఆపలేదు. ఆ చప్పుడులో రెండుసార్లు గట్టిగ చెప్పవలసి వచ్చింది.

"మాకు ఎరికే సేటు. సలీం భాయిని అడిగిన. బొమ్మ ఏడ సుత ఆగలేదన్నడు. నువ్వు టేబుల్ కాడ లేవన్నడు. కరుణకు సుత ఎరికే."

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్న.

"ఆమెనే వద్దని రాసింది. గట్టిగ అడిగితె సేటు ఉల్టా తిరుగుతడు, మిగిలిన వీడియో సుత ఇయ్యడు, ఊకుండుమన్నది. నీతోటి బేరం ఆడుడు మాతోటి కాదు."

అతడు అది తిట్టినట్టు అనలేదు. దారం తెగిన సాంచ దగ్గరికి పోయిండు.

ఆ తర్వాత రెండేండ్లు పనిచేసి యూనిట్ అమ్మేసిన. ఆ రెండేండ్లలో నేర్చుకున్నది ఇంతే. ఐపోయిందని చెప్పవలసింది చేసేటోళ్లు, తీసేటోడు కాదు. అందుకని అయ్యగారు చాయ్‌కు పోయినా, లైట్లు ఆరినా, కేబుళ్లు చుట్టేదాకా రికార్డర్ ఆపలేదు. గిరాకి అడిగినా అడగకపోయినా సౌండ్ ఇంకో డబ్బాలో ఎక్కించిన. కెమెరాకో కార్డు పెట్టిన. తర్వాత షాపులో కూసుండి ఆ ఖాళీ గంటలు గంటలు చూసి కోసిన. కుర్చీలు జరిపే చప్పుడు, పిల్లల ఏడుపు, వంటోళ్ల కేకలు తప్ప అందులో ఎప్పుడూ ఏమీ దొరకలేదు. అయినా ఆపలేదు.